వైజాగ్ టౌన్‌ల కిరాయిలు: మూడు కిలోమీటర్లల్ల ఏడున్నర వేలు, పంతొమ్మిది వేలు, ముప్పై ఎనిమిది వేలు. ఎందుకింత తేడా?

పానగల్లు పోరడు:

అన్నలకు అక్కలకు నమస్తే. మాది నల్లగొండ, పానగల్లు దిక్కు. సెంట్రల్ గవర్నమెంటుల చిన్న పోస్టు, వచ్చే నెల ఫస్టుకు వైజాగ్‌ల జాయిన్ గావాలె. ఆఫీసు కలెక్టరేట్ దగ్గర్ల. క్వార్టర్స్ అడిగితే వెయిటింగ్ లిస్టు అన్నరు, ఎప్పుడొస్తదో వాళ్ళకే తెల్వదు. ఇంట్ల నేను, నా భార్య, నాలుగో తరగతి సదివే బిడ్డ, మా అమ్మ. అమ్మకు దమ్ము (ఆస్తమా) ఉన్నది, చలికాలం వస్తే నోట్ల పీల్చే పంపు లేనిది నిద్ర పోదు.

పోయిన వారం జన్మభూమి ఎక్కి పోయి రెండు రోజులు తిరిగొచ్చిన. తిరిగినకొద్ది తల తిరిగింది. మొదటి ఇల్లు కురుపాం మార్కెట్ వెనక సందుల, పైఅంతస్తు, రెండు గదులు వంటిల్లు, కిరాయి 7,500. మెట్లు ఎంత ఇరుకంటే మా బీరువా ఎక్కదు. రెండోది మహారాణిపేటల కేజీహెచ్ (కింగ్ జార్జ్ సర్కారు ఆసుపత్రి) వెనక, డబుల్ బెడ్రూం, 19,000, కట్టి పదిహేను ఇరవై ఏండ్లయిన బిల్డింగు, లిఫ్ట్ ఉన్నది గని నేను పోయిననాడు నడుస్తలేదు. మూడోది పాండురంగాపురం, బాల్కనీల నిలబడి మెడ పక్కకు వంచి చూస్తే సముద్రం కొంచెం అవుపడ్తది, దానికి 38,000. మూడు ఇండ్లు కొలిస్తే అటూ ఇటూ అంతే జాగ. ఒక ఇంటికెల్లి ఇంకో ఇంటికి ఆటోల పది పదిహేను నిమిషాలు కూడ పట్టలే.

మన నల్లగొండల గడియారం దగ్గర పాత ఇంటికి, హైదరాబాద్ రోడ్డు మీద కొత్త అపార్ట్‌మెంటుకు తేడా ఉంటది గని రెండు మూడు వేలు, మహా అంటే నాలుగు వేలు. అయిదింతలు తేడా నేను యాడ జూడలే. నాకు హెచ్‌ఆర్‌ఏ (జీతంల ఇంటి కిరాయి కింద ఇచ్చేది) నల్లగొండల పది శాతం, వైజాగ్‌ల ఇరవై శాతం. బేసిక్ 52,000, అంటే 10,400 వస్తది. ఆ పైసలల్ల ఆ ఏడున్నర వేల ఇల్లు ఒక్కటే పడ్తది, బ్రోకరేమో రెండు రోజులల్ల చెప్పు లేకుంటే పోతది అంటుండు.

అడిగేది ఏందంటే, నేను బయటోన్నని ఎక్కువ చెప్పిన్రా, లేక నిజంగనే అట్ల ఉంటదా? ఒకటే టౌన్‌ల గింత తేడా ఎట్లొస్తది? ఆ 7,500 ఇల్లు పట్టుకోవాల్నా? అక్కడ ఉన్నోళ్ళు, ఉండొచ్చినోళ్ళు చెప్పుండ్రి. ఆగమైతున్న.

మిర్యాలగూడ టు వాల్తేరు:

తమ్ముడూ, నిన్ను ఎవలూ మోసం చెయ్యలే, ఆ మూడు రేట్లూ నిజమే. మాది మిర్యాలగూడ, 2013 నుంచి ఇక్కడ్నే ఉన్న. అల్లిపురంల మూడేండ్లు, మహారాణిపేటల నాలుగేండ్లు, ఇప్పుడు ఎంవీపీ కాలనీల. ఇండ్లు మారీ మారీ తెలుసుకున్నది చెప్త.

ముందుగాల ఒకటి. ఇక్కడోళ్ళు టౌన్ అన్నప్పుడు అది ఒక్క టౌన్ కాదు. వన్ టౌన్ అంటే పాత ఊరు, కురుపాం మార్కెట్, వెలంపేట, పాత పోస్టాఫీసు, రాస్ హిల్ కింద సందులు. ఒకప్పుడు షావుకార్లు, ప్లీడర్లు, పైసలున్నోళ్ళందరు ఆడనే ఉండేటోళ్ళు. 1933ల పోర్టు తెరిచిన్రు, ఊరి ఆనుకొని. ఆంధ్రా యూనివర్సిటీ 1926ల పెట్టిన్రు, బెజవాడ నుంచి తర్వాత వాల్తేరు గుట్టల మీదికి వచ్చింది. ఉన్నోళ్ళు మెల్లమెల్లగ గాలి తగిలే దిక్కు, ఎత్తుకు ఎక్కిన్రు. కింద ఊరు కిందనే మిగిలింది. నువ్వు చూసిన తేడా నిన్న మొన్నటిది కాదు, ఎనభై తొంభై ఏండ్ల నుంచి పెరుగుకుంట వచ్చింది.

ఇగ ఆ 7,500 ఇల్లు. మీ అమ్మకు దమ్ము అన్నవ్ కదా, నీకు దండం పెట్టి చెప్తున్న, ఆ ఇల్లు తీసుకోకు. పోర్టుల బొగ్గు దించుతరు, ఐరన్ ఓర్ ఎగుమతి చేస్తరు. గాలి అటు నుంచి ఇటు మళ్ళిందంటే ఆ దుమ్ము వన్ టౌన్ మీద పడ్తది. ఏండ్ల నుంచి జనం మొత్తుకుంటున్నరు, నీళ్ళు చల్లుడు, టార్పాలిన్లు కప్పుడు అన్నీ చేస్తున్నం అంటరు, కొంత తగ్గింది కూడ, గని పోలే. మా ఆఫీసు అటెండర్ ఇల్లు అక్కడ్నే. వాళ్ళింటికి భోజనానికి పోయిన ఒకసారి. పొద్దున కడిగిన గచ్చు మీద సాయంత్రం చెప్పుల్లేకుండ నడిచిన, అరికాలు చూసుకుంటే నల్లగ, కాటుక డబ్బల కాలు పెట్టినట్టు. వాళ్ళ ఆడోళ్ళు తెల్లబట్టలు మిద్దె మీద ఆరెయ్యరు, లోపల ఫ్యాన్ కిందనే ఆరేస్తరు. మళ్ళ పోయినప్పుడు నువ్వు ఒక్క పని చెయ్యి, కిటికీ చెక్క మీద వేలు పెట్టి గీకి చూడు, కిటికీ లోపలి దిక్కు. ఓనర్ నువ్వొస్తవని బయట తుడిచిపెడ్తడు, లోపలి మూల తుడవడు.

పాండురంగాపురం 38,000 ఎందుకంటవా. సముద్రం అవుపడ్తదని కొంత, నిజమే. గని అసలు కారణం ఆ ఓనర్‌కు నీ అసువంటి నెల కిరాయోడి అవసరం లేదు. ఆర్కే బీచ్, సబ్‌మెరైన్ మ్యూజియం చూద్దామని వారం వారం జనం దిగుతరు, మన హైదరాబాద్ దిక్కు నుంచి కూడ మస్తుగొస్తరు. ఫ్లాటును రోజు లెక్కన ఇస్తే రాత్రికి 3,000 అనుకో, నెలల పదమూడు రాత్రులు నిండితే చాలు 38,000 దాటుతది, మిగిలిన రోజులు తాళం ఏసి పెట్టినా వానికి నష్టం లేదు. గందుకే నెల కిరాయి అడిగినోనికి గదే లెక్క చెప్తడు. మా పాత ఓనర్ తమ్ముడు గట్లనే కుటుంబాన్ని ఖాళీ చేయించి, రెండు ఏసీలు పెట్టి రోజుకు ఇచ్చుడు మొదలువెట్టిండు. పైగ ఆడ కొత్త ఇండ్లు లేస్తలేవు. కింద సముద్రం ఒడ్డు కాబట్టి సీఆర్‌జెడ్ రూల్స్ (తీరం పక్కన కట్టుడు మీద ఆంక్షలు), పైన ఎయిర్‌పోర్టు నేవీది కాబట్టి ఎత్తు మీద ఆంక్షలు. ఉన్న ఇండ్లు అవే, అడిగేటోళ్ళు ఏడాదేడాదికి ఎక్కువ.

ఇంకోటి, ఇక్కడ కిరాయి మాటల మీద కూడ పెరుగుతది. 2020ల మూడు రాజధానుల చట్టం తెచ్చి వైజాగ్‌ను ఎగ్జిక్యూటివ్ క్యాపిటల్ అన్నప్పుడు మా ఓనర్ వచ్చి సెక్రటేరియట్ వస్తుంది, ఇంకో మూడు వేలు వెయ్యండి అన్నడు. 2021 నవంబర్‌ల ఆ చట్టం వెనక్కి తీసుకున్నరు, నా మూడు వేలు మాత్రం ఎనక్కి రాలే. ఇప్పుడు గూగుల్ డేటా సెంటర్ అంటున్నరు, భోగాపురం ఎయిర్‌పోర్టు అంటున్నరు. అవి రెండూ ఊరి బయట. అయినా టౌన్‌ల ఓనర్లు గదే పేరు చెప్పి అడుగుతరు. అట్ల అడిగితే ఒప్పుకోకు, టౌన్‌ల ఇంటికి దానికి ఏం సంబంధం లేదని గట్టిగనే చెప్పు.

పాలమూరు అక్క:

మహారాణిపేట గురించి నేను చెప్తా తమ్ముడు. మాది మహబూబ్‌నగర్, మెట్టుగడ్డ. ఆంధ్రా మెడికల్ కాలేజీలో పీజీ చేసిన, మూడేండ్లు కేజీహెచ్ వెనకాలే ఉన్నా.

ఆ 19,000 ఎక్కువ అనిపిస్తది గాని ఆ ఏరియాలో ఓనర్ ఇంటికి కిరాయి చెప్పడు, మంచానికి చెప్తడు. మేము నలుగురం పీజీలం ఒక డబుల్ బెడ్రూంలో ఉండేటోళ్ళం, తలా 5,500, అంటే 22,000. స్టైపెండ్ వచ్చేది కాబట్టి నొప్పి తెలిసేది కాదు. డ్యూటీ దిగి నడుచుకుంటూ పోయి పడుకోవాలె, మాకు కావల్సింది అంతే, గోడలకు రంగు ఉన్నదా లేదా చూసింది లేదు. ఇప్పుడు అదే ఇంటికి నువ్వు ఒక్క జీతంతో పిల్లను, తల్లిని పెట్టుకొని పోతే నలుగురి జీతాలతో పోటీ పడ్తున్నట్టు. అదీ గాక శ్రీకాకుళం, విజయనగరం, ఒడిశా బార్డర్ నుంచి కేజీహెచ్‌కు పేషెంట్లొస్తరు, వాళ్ళ వెంట వచ్చినోళ్ళు వారం పది రోజులకు గది అడుగుతరు. మా కింద పోర్షన్‌లో మూడు గదులు అట్లనే ఇచ్చేటోళ్ళు. రాత్రి రెండింటికి ఎవరో ఒకరు మెట్ల మీద కూచొని ఏడుస్తుండేది. ఇప్పటికీ గుర్తొస్తది నాకు. ఒకామె ముగ్గురు పిల్లలతో వచ్చింది, పెనిమిటికి కిడ్నీ జబ్బు, గదికి రోజుకు 400 ఇయ్యలేక నాలుగో రోజు ఖాళీ చేసి పోయి ఆసుపత్రి వరండాలో చాప పరుచుకున్నది. కిరాయి అంటే మనం నెల జీతంలో లెక్క చూస్తం, ఆమెకు అది పొద్దటి అన్నం.

ఇది వైజాగ్ ఒక్కదాని కథ కాదు. మా పాలమూర్ల 2016లో మెడికల్ కాలేజీ వచ్చినంక మా చిన్నాయన ఇంటి పక్క సందులో అంతకుముందు కుటుంబాలుండే పోర్షన్లు ఒక్కొక్కటి స్టూడెంట్ల గదులైనయ్. పెద్ద ఆసుపత్రి, పెద్ద కాలేజీ యాడుంటే ఆడ ఇల్లు మంచాల లెక్కకు వస్తది. ఇప్పుడు మన జిల్లాలల్ల అన్నిటికీ కాలేజీలు వచ్చినయ్, చూస్తుండు.

మీ అమ్మ సంగతి. దమ్ముకు బొగ్గు దుమ్ము అస్సలు పనికిరాదు, పై అన్న చెప్పింది నూటికి నూరు నిజం. సముద్రం గాలి మంచిదే అంటరు గాని అక్కడి ఉక్కపోత, తేమ కొందరికి పడదు, గోడలు చెమ్మ పట్టి బూజొస్తే దమ్ము ఎక్కువైతది. కాబట్టి బీచ్ రోడ్డయినా, ఏదయినా, పడక గది గోడ మీద అరచెయ్యి పెట్టి చూడు, సల్లగ తడిగ తగిలితే వద్దు. ఎండ పొద్దున పూట లోపలికి వచ్చే ఇల్లు చూడు. కేజీహెచ్‌కు ఇరవై నిమిషాల్లో ఆటో అందితే చాలు, పక్కనే ఉండనక్కర లేదు.

దేవరకొండ అల్లుడు:

అందరు కిరాయికి పోయేటోళ్ళ దిక్కు నుంచి చెప్పిన్రు, నేను ఇంటోళ్ళ దిక్కు నుంచి చెప్త. మా ఆవిడది వైజాగ్ వన్ టౌన్, వెలంపేట. పెండ్లయి పద్దెనిమిదేండ్లు. మా అత్తమ్మ ఇప్పటికీ ఆ ఇంట్లనే ఉంటది.

అక్కడ పోర్షన్‌ను వాటా అంటరు. మొదటిసారి పోయినప్పుడు మా అత్తమ్మ మాకు అయిదు వాటాలున్నాయి బాబూ అంటే నేను ఆస్తిల అయిదుగురికి వాటా ఉన్నది అనుకున్న. కాదు, కిరాయికిచ్చే పోర్షన్లు అయిదు. ఆస్తిల వాటాదారులు ఏడుగురు, అది వేరే. ఆ ఇంటి కష్టమంతా ఆ రెండు వాటాల నడుమనే ఉన్నది.

ఒక్క ఇంట్లనే మూడు రేట్లు చెప్తా విను. ముందు గది రోడ్డు మీదికి, దాన్ని మసాలా దినుసుల వ్యాపారి గోడౌనుకు తీసుకున్నడు, కొత్త షట్టర్ పెట్టి గచ్చు ఏయించుకున్నడు, నెలకు 12,000. మధ్యల రెండు వాటాలు మొన్న ఖాళీ అయితే 6,000 చొప్పున ఇచ్చినం. వెనక పెంకుటి వాటాల (మన దిక్కు గూన ఇల్లు అంటం) ఒక ముసలాయన ఉంటడు, పోర్టుల కళాసీ పని చేసి రిటైరయిండు, ఆయన మా మామ ఉన్నప్పుడు, 1980లల్ల దిగిండు. ఆయన ఇచ్చేది నెలకు 900. పాత అద్దె చట్టం 1960 నాటిది, ఆ రోజులల్ల దిగినోళ్ళను లేపుడు, కిరాయి పెంచుడు అంత తేలిక కాదు, కోర్టు చుట్టూ తిరగాలె. మా మామ తిరగలే. తిరిగే మనసు ఆయనకు లేకుండె.

మా బావమరుదులు ఆ ముసలాయనను చూస్తే పండ్లు కొరుకుతరు. నేను మొదట్ల వాళ్ళ దిక్కే ఉన్న. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాన్ వచ్చినంక నా మనసు మారింది. నేను మూడో రోజు పోయి చూసిన. ఇంటి పెంకులు సగం లేచిపోయినయ్, మధ్య వాటాలల్ల నీళ్ళు మోకాలి దాక. ఏడుగురు వాటాదారులల్ల రిపేరుకు రూపాయి ఎవ్వలు తియ్యలే, నువ్వు పెట్టు అంటే నువ్వు పెట్టు. ఆ ముసలాయన సొంత పైసలతోని పెంకులు కొనుక్కొచ్చి, కొడుకును పైకెక్కించి తన వాటా కప్పుకున్నడు, మిగిలిన పెంకులతో మా అత్తమ్మ వంటింటి మీద కప్పిచ్చిండు. కిరాయి 900 ఇస్తడు నిజమే, గని ఇరవై ఏండ్లల్ల ఆ వాటాకు ఓనర్లు పెట్టింది సున్న. ఆయనే ఆ గోడలు నిలబెట్టుకున్నడు. ఆయనను దోపిడీదారు అనేందుకు నాకు నోరు రాదు.

వన్ టౌన్‌ల కిరాయి తక్కువ ఉండుడుకు దుమ్ము ఒక కారణమైతే ఇది ఇంకోటి. ప్రతి రెండో ఇంటికి ఇట్లనే పంపకాలు తెగని వాటాదారులు, అమ్ముడువోదు, కూలగొట్టి కట్టలేరు, రిపేరు చెయ్యరు. కారు సందులకు రాదు కాబట్టి ఉద్యోగస్తులు రారు. ఇల్లు పాడైతది, కిరాయి పడిపోతది, కిరాయి పడిపోయింది కాబట్టి ఇంకా రిపేరు చెయ్యరు. బీచ్ రోడ్డుల దానికి ఎదురు, రేటు పెరిగినకొద్ది ఏసీ పెడ్తరు, టైల్స్ మారుస్తరు, మళ్ళ రేటు పెంచుతరు. ఈ రెండూ ఏటికేడు దూరం జరుగుతున్నయ్.

మా అత్తమ్మను దేవరకొండకు రమ్మంటే రాదు. రాస్ హిల్ మీద మేరీమాత చర్చి గంట, పక్క కొండ మీద దర్గా నమాజు, ఇంకో కొండ మీద వెంకన్న గుడి పాటలు, మూడూ ఆమె మంచం మీదికి వినిపిస్తయి. అవి లేకుంటే తెల్లారినట్టు ఉండదు అంటది. దుమ్ముకు ఆమె కూడ దగ్గుతది, అయినా కదలదు. పుట్టి పెరిగినోళ్ళ సంగతి వేరు తమ్ముడూ, నువ్వు మాత్రం మీ అమ్మను తీస్కపోయి ఆడ పెట్టకు.

నకిరేకల్ వకీలు:

కాగితం సంగతి రెండు మాటలు. అగ్రిమెంటు మామూలుగ 11 నెలలకే రాస్తరు. ఈ 11 నెలలు అయినంక ఎంత పెంచుతరో ఇప్పుడే రాయించుకో, నోటిమాట నమ్మకు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరు మీద అడ్వాన్సుల కోత పెడ్తరు, ఎంత కోస్తరో అది కూడ రాయించు. గోడల చెమ్మ, ఇనుప గ్రిల్లుల తుప్పు దిగేనాడే ఫోన్ల ఫోటో తీసి ఓనర్‌కు పంపు, సముద్రం ఊర్ల అది నువ్వు చేసిన డ్యామేజీ కాదని రేపు చూపియ్యాలె. పాత ట్యాక్స్ పద్ధతిల ఉంటే హెచ్‌ఆర్‌ఏ మినహాయింపుకు రసీదులు కావాలె, ఏడాది కిరాయి లక్ష దాటితే ఓనర్ పాన్ నంబర్ కూడ ఇయ్యాలె. కొందరు ఓనర్లు పాన్ ఇయ్యం అంటరు, అది అడ్వాన్సు ఇయ్యకముందే అడుగు, ఇచ్చినంక అడిగితే లాభం లేదు.

పానగల్లు పోరడు:

అందరికి శనార్థులు, ఇంత ఓపికతోని రాస్తరనుకోలే. మా ఆవిడకు అన్నీ సదివి వినిపించిన. వెలంపేట ముసలాయన దగ్గర ఆమె ఆగిపోయింది, మళ్ళొకసారి సదువు అన్నది. బ్రోకర్‌కు ఫోన్ చేసి ఆ 7,500 ఇల్లు వద్దని చెప్పేసిన. మహారాణిపేట కూడ వద్దు, నలుగురి జీతాలతోని నాతోని కాదు.

శనివారం మళ్ళ పోతున్న, ఈసారి ఆవిడను కూడ తీస్కపోత. మిర్యాలగూడ అన్నా, ఆఫీసుకు స్కూటర్ మీద అరగంట లోపల, దుమ్ము లేకుండ, 12 వేల నుంచి 14 వేల లోపల యాడ దొరుకుతది? నా హెచ్‌ఆర్‌ఏకు పైన మూడున్నర వేల దాక జేబులకెల్లి పెట్టుకుంట. ఇంకోటి, మా ఇంట్ల పాత ఇనుప బీరువా ఉన్నది, అమ్మ పెండ్లప్పటిది, ఆమె దాన్ని ఇడిచిపెట్టి రాను అంటది. ఉప్పు గాలికి ఖరాబైతదా?

మిర్యాలగూడ టు వాల్తేరు:

అక్కయ్యపాలెం, సీతమ్మధార లోపలి లైన్లు తిరుగు. మెయిన్ రోడ్డు మీద కాదు, లోపల, ఓనర్ కింద ఉండి పైన కిరాయికిచ్చే ఇండ్లు. టులెట్ బోర్డు గేటుకు ఉంటది, బ్రోకర్ అవసరం పడదు. నువ్వు చెప్పిన రేటుల దొరుకుతయ్, లిఫ్ట్ ఉండదు, అమ్మ కోసం ఫస్ట్ ఫ్లోర్ దాటకు. నీళ్ళ పంపు ఏ టైముకు వస్తదో పక్కింటోళ్ళను అడుగు, ఓనర్‌ను కాదు. శనివారం జన్మభూమి దిగేసరికి చీకటి పడ్తది, ఆ రాత్రి మా ఇంట్ల పడుకొని ఆదివారం పొద్దున పోదాం, నేను తిప్పుత. ఫోన్ నంబర్ మెసేజ్ పెట్టిన చూడు.

బీరువా తెచ్చుకో. లారీ ఎక్కియ్యకముందే గీతలు పడ్డ కాడ, అడుగున, రంగు ఏయించు. ఇక్కడ కింద చెక్కలు పెట్టి నేలకు తగలకుండ నిలబెట్టు, గోడకు ఆనియ్యకు, జానెడు జాగ ఇడువు. తాళం సందుల నెలకోసారి రెండు చుక్కలు కొబ్బరి నూనె ఏస్తే చాలు. మాది కూడ మా అమ్మదే, మిర్యాలగూడ నుంచి తెచ్చిన, పన్నెండేండ్లయింది, అడుగు రేకు ఒక్కటి మార్పిచ్చిన.